చివర మిగిలిన రెండు వయొలిన్లు

వాక్యపఠనము: ఫిలేమోను 8–21, నెహెమ్యా 2:1–6

అపొస్తలుడైన పౌలు పత్రికలలో మిక్కిలి చిన్నది ఫిలేమోనునకు వ్రాసినది. అది ఒక్క అధ్యాయము, 25 వచనములు మాత్రమే. అందు గూఢమైన సిద్ధాంతచర్చ లేదు, తప్పుబోధకుల ఖండన లేదు. ఒక యజమానుడున్నాడు, ఆ యజమానుని యింట నుండి వెళ్లిపోయిన ఒక దాసుడున్నాడు, వారిద్దరి నడుమ నిలిచి వేడుకొను వృద్ధుడైన ఒక ఖైదీ ఉన్నాడు. ఆజ్ఞాపించుటకు పౌలునకు అధికారము కలదు. అయినను ఆ అధికారమును ప్రక్కన పెట్టి, ప్రేమనుబట్టి బతిమాలుకొనుటనే ఆయన కోరుకొనెను. లేఖ అంతటిలో బెదిరింపు ఒక్కటియు లేదు. అయినను దానిని చదివిన ఫిలేమోను మునుపటివలెనే ఉండగలిగెనని ఎవరు తలంపగలరు?

ఒకని పక్షమున మరియొకడు నిలిచి మాటలాడుటను మనము విజ్ఞాపన అందుము. విజ్ఞాపన అనగానే మోకాళ్లూని చేయు ప్రార్థన మాత్రమే మన మనస్సునకు తోచును. అయితే మనుష్యుని యెదుట మనుష్యుని కొరకు చేయు విజ్ఞాపనయు కలదు. అది కష్టమైనది, ఏలయనగా దేవుని యెదుట మాటలాడువానికి భయము లేదు, యజమానుని యెదుట మాటలాడువానికి జీతము పోవునను భయమున్నది. 1772వ సంవత్సరమున హంగరీ దేశములోని ఒక ప్రభువు భవనమున అట్టి విజ్ఞాపన ఒకటి జరిగెను. అందులో ఒక్క మాటయైనను లేదు. అది సంగీతముగా పలికెను. పలికినవాడు ఫ్రాంజ్ జోసెఫ్ హైడన్.

1. బండిచక్రములు చేయువాని కుమారుడు

హైడన్ 1732వ సంవత్సరము మార్చి 31న ఆస్ట్రియా దేశపు తూర్పు సరిహద్దునకు దగ్గరగానున్న రోరౌ అను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రియైన మథియాస్ బండిచక్రములు చేయు వడ్రంగి. తల్లి వివాహమునకు ముందు అచ్చటి ప్రభువుల కోటలో వంటపని చేసినది. తండ్రికి స్వరలిపి చదువుట రాదు. అయినను పని ముగిసిన సాయంకాలములలో హార్పు అను తంత్రీవాద్యమును మీటుచు పాడుచుండెను, ఇంటిల్లిపాది ఆయనతో గొంతు కలుపుచుండిరి. ఆ బీద యింటి పాటలే ఆ బాలుని మొదటి పాఠశాల.

ఆరేండ్ల వయస్సు వచ్చునప్పటికే బాలుడు ఇల్లు విడువవలసి వచ్చెను. సంగీతము నేర్పించుటకై ఒక బంధువు అతనిని హైన్‌బర్గ్ పట్టణమునకు తీసికొనిపోయెను. అచ్చట తిన్న అన్నముకంటె తిన్న దెబ్బలే ఎక్కువయని హైడన్ తరువాతి కాలమున జ్ఞాపకము చేసికొనెను, అయినను తనకు పని నేర్పిన ఆ బంధువును కృతజ్ఞతతోనే తలంచుకొనెను. 1740 ప్రాంతమున వియన్నా నగరములోని పరిశుద్ధ స్తెఫను దేవాలయపు గాయకబృందములో చేర్చబడెను. బాలుని కంఠము మారి పాటకు పనికిరాకపోయినప్పుడు, 1749 ప్రాంతమున, బృందమునుండి పంపివేయబడెను. చేతిలో ధనము లేదు, తల దాచుకొనుటకు చోటు లేదు. వాన వచ్చిన కారు ఒక అటక గదిలో కాపురముండెను. పిల్లలకు పాఠములు చెప్పుచు, వీధులలో రాత్రివేళ వాద్యము వాయించుచు, పొర్పోరా అను ఇటలీ దేశపు సంగీతాచార్యునికి వాద్య సహకారమిచ్చుటతో పాటు సేవకుని పనులు కూడ చేయుచు విద్య సంపాదించెను.

ఈ సంగతులను ఇంత వివరముగా చెప్పుటకు హేతువు కలదు. ఇంటికి దూరమై బ్రదుకుట ఎట్టిదో హైడన్ గ్రంథములలో చదివి తెలిసికొనలేదు. ఆరేండ్ల ప్రాయముననే దానిని అనుభవించెను. ఐగుప్తులో పరదేశులుగా నుండిన మీకు పరదేశి మనస్సు తెలియును గదా అని ఇశ్రాయేలీయులను ధర్మశాస్త్రము ఏల పదేపదే హెచ్చరించెను? తాను పడిన బాధను మరచినవాడు ఇతరుల బాధను గుర్తింపజాలడు గనుక. మన బాల్యపు కష్టములు గొప్పలు చెప్పుకొనుటకు ఇయ్యబడినవి కావు. ఒకనాడు మరియొకని పక్షమున నిలుచుటకై దేవుడు మనయొద్ద దాచియుంచిన పెట్టుబడి అవి.

2. యజమానుని ఉడుపు ధరించినవాడు

1761వ సంవత్సరము మే నెలలో హైడన్ ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరెను. హంగరీ దేశమున మిక్కిలి ధనవంతులైన వంశమువారు వారు. ఆనాటి ఒడంబడిక పత్రము నేటికిని చదువదగినది. సంగీతాధికారి యజమానుని భవనపు ఉడుపు ధరింపవలెను. ప్రతిదినము మధ్యాహ్నమునకు ముందును తరువాతను ప్రభువుగారి గది వాకిట నిలిచి, నేడు సంగీతము కావలెనా అక్కరలేదా అని అడిగి తెలిసికొనవలెను. ప్రభువు సెలవు లేక ఇతరుల కొరకు ఏ రచనయు చేయరాదు. వాద్యకారులలో కలహములు పుట్టినయెడల వాటిని తానే సర్దుబాటు చేయవలెను.

అనగా అతడు విద్వాంసుడే గాని స్వతంత్రుడు కాడు. క్రిందివారికి పెద్ద, పైవారికి సేవకుడు. ఇట్టి నడిమి స్థానము మిక్కిలి శోధన గల స్థానము. ఆ చోట నిలిచిన అనేకులు పైవారి మెప్పు కొరకు క్రిందివారిని అణచుదురు, మరికొందరు క్రిందివారి మెప్పు కొరకు పైవారిని చాటున దూషింతురు. హైడన్ ఈ రెంటిలో దేనికిని లోబడలేదు. వాద్యకారులు అతనిని 'పాపా' అని పిలిచిరి, అనగా నాయన అని అర్థము. వారి మనవులను తన చేతులతో ప్రభువునొద్దకు కొనిపోవుట అతనికి వాడుకయైన పని. ఆయనకు స్వంత సంతానము లేదు. 1760లో జరిగిన వివాహము సుఖప్రదము కాలేదు. తనకు లేని గృహసౌఖ్యము ఇతరులకున్నదని అసూయపడువారు లోకమున కలరు. ఆయనయైతే తనకు దొరకని దానినే ఇతరుల కొరకు అడుగువాడాయెను.

3. చిత్తడి నేలపై కట్టిన భవనము

1762లో అధికారమునకు వచ్చిన నికోలాస్ ప్రభువు సంగీతప్రియుడు. తానును బారిటన్ అను తంత్రీవాద్యమును వాయించుచుండెను. న్యూసీడ్ల్ సరస్సునకు దక్షిణముగా నున్న చిత్తడి ప్రదేశమున ఆయన ఒక మహాభవనము కట్టించి దానికి ఎస్టర్‌హాజా అని పేరుపెట్టెను. అందు 126 గదులు, సంగీత నాటకశాల, ఉద్యానవనములు ఉండెను. వేసవికాలము అచ్చట గడుపుట ఆయనకు మిక్కిలి ప్రియము. అయితే వాద్యకారుల కుటుంబములు ఐసెన్‌స్టాట్ పట్టణముననే నివసించుచుండెను. భవనమునకు సమీపమున వాద్యకారులకు కట్టించిన యింటిలో గదులు చాలవు. ఇద్దరిద్దరు ఒక్కొక్క గదిలో సర్దుకొనవలసియుండెను. 1772వ సంవత్సరారంభమున ప్రభువు ఒక ఆజ్ఞ జారీచేసెను. వాద్యకారుల భార్యలుగాని పిల్లలుగాని ఎస్టర్‌హాజాలో 24 గంటలసేపైనను కనబడకూడదు. ఈ కట్టడనుండి మినహాయింపు పొందినవారు కొద్దిమంది మాత్రమే. ఆ కొద్దిమందిలో హైడన్ ఒకడు.

ఈ చిన్న వివరమును పాఠకులు మరువకుందురుగాక. ఆజ్ఞ తనను బాధించినది కాదు. తన భోజనపాత్ర నిండియే యున్నది. అట్టివాడు మౌనముగా నుండినను ఎవరును తప్పుపట్టరు.

ఆ యేడు వేసవి గడిచెను, శరత్కాలము వచ్చెను. ప్రభువు భవనము విడిచి వెళ్లు సూచనలు కనబడలేదు. వాద్యకారులకు తమ యిండ్లమీద బెంగ పుట్టెను. వారు హైడన్‌నొద్దకు వచ్చి తమ బాధ చెప్పుకొనిరి. ఈ వృత్తాంతమును హైడన్ వృద్ధాప్యమున తన జీవితచరిత్రకారుడైన గ్రీసింగర్‌నకు స్వయముగా తెలియజేసెను, అది 1810లో అచ్చుపడెను. ఇదే సంగతిని గూర్చి వేరు విధములైన కథలును లోకమున వ్యాపించినవి. హైడన్ నోట వచ్చినదిగా వ్రాయబడిన ఈ వృత్తాంతమే ఎక్కువ విశ్వాసపాత్రము.

4. మాటలు లేని మనవి

హైడన్ ఒక సింఫనీ రచించెను. సింఫనీ అనగా గాత్రము లేక అనేక వాద్యములు కలిసి వాయించునదియు, సాధారణముగా నాలుగు భాగములు గలదియునైన పాశ్చాత్య సంగీతరచన. నూరుకు పైగా హైడన్ రచించిన సింఫనీలలో ఇది 45వదిగా లెక్కింపబడుచున్నది. 'వీడుకోలు సింఫనీ' అని దీనికి పేరు వచ్చెను. ఎఫ్-షార్ప్ మైనర్ అను స్వరస్థాయిలో అది వ్రాయబడినది. ఆ కాలపు సింఫనీలలో అది మిక్కిలి అరుదు. ఆనాటి హార్నులు ఆ స్థాయిలో పలుకజాలవు గనుక వాటికి అర్ధస్వరము మార్చు ప్రత్యేకపు గొట్టములు ఆ యేడు అక్టోబరులో చేయింపబడెను. వాడుక స్థాయిలో పలుకని బాధ అది, దానిని పలికించుటకు వాద్యమునే మార్చవలసి వచ్చెను.

మొదటి భాగము ఆందోళనతో మొదలగును. స్వరములు పైనుండి క్రిందికి విరిగిపడుచున్నట్లుండును. నాలుగవ భాగము మహావేగముతో పరుగెత్తి, ముగింపు వచ్చినదని విననివ్వకమునుపే అర్ధాంతరముగా ఆగిపోవును. అప్పుడు ఎవరును ఎదురుచూడని నెమ్మదియైన సంగీతము ప్రారంభమగును. వేగముగా ముగియవలసిన చోట విలంబముగా మరల ఆరంభమగుట సింఫనీల వాడుకకు విరుద్ధము. ప్రభువు సంగీతము తెలిసినవాడు గనుక ఏదో విశేషమున్నదని వెంటనే గ్రహించియుండును.

ఆ నెమ్మది సంగీతము సాగుచుండగా మొదటి ఓబో వాయించువాడును రెండవ హార్ను వాయించువాడును తమ చివరి మాటవలె ఒక చిన్న స్వరపంక్తి వాయించి, తమ ముందున్న మైనపు దీపము ఆర్పి, వాద్యము చంకనిడుకొని లేచిపోయిరి. తరువాత బసూను మౌనమాయెను. పిదప రెండవ ఓబోయు మొదటి హార్నును. తరువాత డబుల్ బాస్ అను పెద్ద తంత్రీవాద్యము. ఆ వెనుక చెల్లో. పిదప వయొలిన్లు గుంపుగా, చివరకు వయొలా. ఒక్కొక్క దీపము ఆరిపోవుచుండగా శాల చీకటిపడుచు వచ్చెను. ధ్వని సన్నగిల్లుచు వచ్చెను. తుదకు ఇద్దరే మిగిలిరి. ఒకడు వయొలిన్ విద్వాంసుడైన తొమాసినీ, రెండవవాడు హైడన్ అని సంప్రదాయము. శబ్దమును మందగింపజేయు బిగింపులు తంతులకు పెట్టుకొని ఆ యిద్దరును గుసగుసలాడినట్లు వాయించి ముగించిరి. మైనర్ స్థాయిలో ఆరంభమైన దుఃఖము మేజర్ స్థాయిలో శాంతించెను. వారును దీపములు ఆర్పి లేచిరి.

ప్రభువు గ్రహించెను. అందరును వెళ్లుచున్నయెడల తామును వెళ్లవలసినదే యను భావము వెలిబుచ్చెనని చెప్పుదురు. మరునాడే ప్రయాణమునకు ఏర్పాట్లు జరిగెను. వాద్యకారులు ఇండ్లకు చేరిరి.

5. ఈ విజ్ఞాపన నేర్పు పాఠములు

మొదటిది. అనుమతి గలవాడు అనుమతి లేనివారి కొరకు మాటలాడెను. పారసీక రాజు పానదాయకుడైన నెహెమ్యాకు షూషను కోటలో ఏ లోటును లేదు. యెరూషలేము ప్రాకారములు పడిపోయిన వార్త విని అతడు దుఃఖపడి ఉపవాసముండెను. రాజసన్నిధిని చిన్నబోయిన ముఖముతో నిలుచుట ప్రాణాపాయకరము. అయినను నిలిచెను. ఎస్తేరు రాణి భవనములో క్షేమముగా నుండి తన జనులను మరచిపోవుట సాధ్యమే, అందుకే మొర్దెకై ఆమెను గట్టిగా హెచ్చరించెను. మనకు కలిగిన మినహాయింపులు మనకొరకే ఇయ్యబడెనని తలంచుట మన వాడుకయైన పాపము. సెలవు దొరికినవాడు సెలవు దొరకనివానిని తలంచుట, చదువుకొన్నవాడు చదువురానివాని దరఖాస్తు వ్రాసిపెట్టుట, మాట చెల్లువాడు మాట చెల్లనివానికి నోరగుట, ఇది క్రైస్తవ ధర్మము. క్షేమముగా నున్నవాని మౌనము దేవుని యెదుట అమాయకత్వముగా ఎంచబడదు.

రెండవది. హైడన్ ధైర్యమునకు కోపము అవసరము కాలేదు. అతడు ప్రభువును అందరి యెదుట నిందింపలేదు, వాద్యములు నేలపెట్టి సమ్మెచేయుమని చెప్పలేదు. ఊరకుండియు పోలేదు. ప్రభువునకు తెలిసిన భాషలో, ప్రభువునకు ప్రియమైన రూపమున సత్యము తెలిపెను. ఇదే పౌలు మార్గము. ఫిలేమోను మేలు బలవంతముచేతనైనట్లుండక ఇష్టపూర్వకముగా నుండవలెనని ఆయన కోరెను. ఎదుటివానిని ఓడించుట కాదు, అతనిలోని మంచిని మేల్కొల్పుట విజ్ఞాపన యొక్క గురి. అయితే దీనిని అపార్థము చేసికొనరాదు. ప్రవక్తయైన నాతాను ఉపమానముతో మొదలుపెట్టి, అవసరమైనప్పుడు ఆ మనుష్యుడవు నీవే అని రాజుతో సూటిగా పలికెను. మృదుత్వము సత్యమును దాచుటకు తెర కారాదు, సత్యము ఎదుటివాని హృదయమున దిగుటకు అది ద్వారము కావలెను. వీడుకోలు సింఫనీలో సత్యము ఏ మాత్రమును దాచబడలేదు. ఆరిన ప్రతి దీపమును ఒక యింటిలో ఎదురుచూచు భార్యను, బిడ్డలను కనుల యెదుట నిలిపెను.

మూడవది. అందరిని పంపివేసి తాను చివర నిలిచెను. తన మనవి ప్రభువునకు రుచింపకపోయినయెడల కోపము ఎవరిమీద పడును? దీపములారిన శాలలో మిగిలియున్నవానిమీద. ఒనేసిము అచ్చియున్నది ఏదైననున్నయెడల అది తన లెక్కలో చేర్చుమని పౌలు తన స్వహస్తముతో వ్రాసెను. విజ్ఞాపనకు వెల కలదు. ఇతరుల పేరట ధైర్యవచనములు పలికి, ఆపద వచ్చినప్పుడు మొదట లేచిపోవువాడు విజ్ఞాపకుడు కాడు.

6. ఒక్క శరత్కాలపు విడుదల

అయినను వేదాంతవిచారము ఇచ్చట ఆగరాదు. హైడన్ మనవివలన దొరికినది ఒక్క సంవత్సరపు సెలవు. మరుసటి యేడు వేసవి వచ్చెను, భవనపు తలుపులు మరల తెరువబడెను. ప్రభువు ఎస్టర్‌హాజాలో గడుపు కాలము తరువాతి సంవత్సరములలో ఇంకను పెరిగెనే గాని తగ్గలేదు. హైడన్ మెడలోని కాడియు ఒక్కసారిగా తొలగలేదు. 1779లో వ్రాయబడిన క్రొత్త ఒడంబడికలో ఇతరుల కొరకు రచింపరాదను నిబంధన మాత్రము విడువబడెను. 1790వ సంవత్సరము ఫిబ్రవరిలో, 57 ఏండ్ల వయస్సున, వియన్నాలో కొన్ని సుఖదినములు గడిపి తిరిగివచ్చిన హైడన్, ఎస్టర్‌హాజానుండి ఒక స్నేహితురాలికి వ్రాసిన లేఖలో తాను అరణ్యములో ఒంటరిగా పడియున్నట్లు వాపోయెను. ఇతరులను ఇంటికి చేర్చినవాడు తానింకను ఇల్లు చేరలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరులో నికోలాస్ ప్రభువు మరణించిన పిదపనే ఆయనకు విడుదల కలిగి, లండను నగరమునకు ప్రయాణము సాధ్యపడెను.

మనుష్యుల విజ్ఞాపన ఇట్టిది. అది మంచిది, అవసరమైనది, అయినను దాని బలము పరిమితము. ఒక ఋతువునకు మేలు చేయును, ఋతువు మారగానే మరల మొదలుపెట్టవలెను. కనుకనే హెబ్రీ పత్రిక యేడవ అధ్యాయము మన కన్నులను మరియొక విజ్ఞాపకునివైపు త్రిప్పుచున్నది. ఆయన మరణముచేత ఆపబడువాడు కాడు. తనద్వారా దేవునియొద్దకు వచ్చువారి పక్షమున విజ్ఞాపన చేయుటకై నిరంతరము జీవించుచున్నాడు. మహిమగల సన్నిధిలో ఏ కొదువయు లేని కుమారుడు తన్ను రిక్తునిగా చేసికొని దాసుని రూపము ధరించెను. గెత్సేమనే తోటలో తన్ను పట్టుకొనవచ్చినవారితో, వెదకువాడను నేనే గనుక వీరిని పోనియ్యుడను భావము పలికి శిష్యులను విడిపించెను. వారు ఒక్కొక్కరు చీకటిలోనికి వెళ్లిపోయిరి. ఆయన మాత్రము నిలిచెను. కల్వరిమీద మధ్యాహ్నమున దేశమంతట చీకటి కమ్మెను. సిలువమీద ఆయన తండ్రిని వేడుకొన్నది తన్ను సిలువ వేసినవారి కొరకే. అట్టివాడు మనకొరకు నిలిచియుండగా మన విడుదల ఒక శరత్కాలపు సెలవు కాదు, తండ్రి యింటిలో నిత్యనివాసము.

హైడన్ ఇట్టి తలంపులను ఆ సింఫనీలో ఉద్దేశించెనని చెప్పుట తగదు. అది ఒక ప్రభువునకు చేసిన లౌకికమైన మనవి. అయితే నీతికలిగిన ప్రతి మానవకార్యమును క్రీస్తు కార్యమునకు దూరపు నీడవలె నుండును. నీడను చూచినవాడు వెలుగు ఏ దిక్కున నున్నదో తెలిసికొనును.

7. ఆయనయు లేచి వెళ్లిన దినము

హైడన్ రోమను కథోలిక సంఘమునకు చెందిన భక్తుడు. ఆయన భక్తిరీతులన్నియు మన సంఘములలో వాడుకయైనవి కావు. అయినను ఆయన వ్రాతప్రతులను చూచినవారు ఒక సంగతి గమనింతురు. రచన మొదట ప్రభువు నామమునయని లాటిను భాషలో వ్రాసికొనుటయు, చివర 'లౌస్ దేయో', అనగా దేవునికి స్తోత్రమని వ్రాయుటయు ఆయనకు అలవాటు. ఆరాధన సంగీతమునకు మాత్రమే గాక, ప్రభువుల భోజనశాలల కొరకు వ్రాసిన సంగీతమునకును అట్లే వ్రాసెను. ఉడుపు ఎవరిదైనను పని ఎవరిదో ఆయన ఎరుగును.

1791లో లండనులోని వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున జరిగిన ఉత్సవములో హాండెల్ రచనలను మహాబృందము పాడగా విని హైడన్ మిక్కిలి చలించిపోయెను. వియన్నాకు తిరిగివచ్చిన పిదప 1796 మొదలుకొని 1798 వరకు శ్రమించి 'సృష్టి' అను గొప్ప గానరచన చేసెను. ఆ కాలమున దినదినము మోకాళ్లూని, ఈ పని ముగించుటకు బలమిమ్మని దేవుని వేడుకొంటినని ఆయన చెప్పెను. 1797లో ఆయన కూర్చిన చక్రవర్తి గీతపు రాగము తరువాత 'ఆస్ట్రియా' అను పేర ఆంగ్ల కీర్తనల పుస్తకములలో చేరి, నేటికిని అనేక దేశముల ఆరాధనలలో వినబడుచున్నది.

1808వ సంవత్సరము మార్చి 27న, ఆయన 76వ జన్మదినమునకు కొద్దిదినముల ముందు, వియన్నా విశ్వవిద్యాలయపు శాలలో 'సృష్టి' వినిపింపబడెను. నడువలేని వృద్ధుని కుర్చీలో కూర్చుండబెట్టి మోసికొనివచ్చిరి. వెలుగు కలిగిన ఘట్టమున అన్ని వాద్యములును ఒక్కసారిగా మహాధ్వనితో పలుకగా సభ అంతయు హర్షధ్వానములు చేసెను. వృద్ధుడు వణకుచున్న చేతిని పైకెత్తి, అది తనవలన కలిగినది కాదు, పైనుండి వచ్చినదని సూచించెను. ఆ ఉద్రేకమును ఆయన శరీరము భరింపలేకపోయెను. మొదటి భాగము ముగియగానే ఆయనను బయటికి మోసికొనిపోయిరి. వాకిటియొద్ద కుర్చీ నిలుపజేసి, వాద్యబృందమువైపు తిరిగి దీవించుచున్నట్లు చేతులెత్తెనని అచ్చటివారు చెప్పిరి.

1772లో వాద్యకారులు ఒక్కొక్కరు లేచి వెళ్లగా హైడన్ నిలిచెను. 1808లో హైడన్ వెళ్లగా వాద్యకారులు నిలిచి వాయించిరి. సంగీతము ఆయనతో ముగియలేదు. 1809వ సంవత్సరము మే నెలలో ఫ్రెంచి సైన్యము వియన్నాను ముట్టడించి పట్టుకొనెను. ఆ నెల 31వ దినమున, శత్రుసైన్యపు వశమైన నగరములో, ఆయన శాంతముగా కన్నుమూసెను. ఆయన దీపమును ఆరిపోయెను. ఇంటికి వెళ్లు సెలవు ఆయనకును దొరికెను.

8. నేడు మన యింటిలో

ప్రియ పాఠకులారా, ఈ సంగతి విని మనము హైడన్ స్థానమున నిలుచుటకు ఇష్టపడుదుము. అయితే ముందుగా నికోలాస్ ప్రభువు స్థానమున నిలిచి చూచుట మేలు. ఆయన క్రూరుడు కాడు. సంగీతమును ప్రేమించినవాడు, తనవారికి జీతము సరిగా ఇచ్చినవాడు. ఆయన లోపము ఒక్కటే. తనకు సంతోషము కలిగించువారు ఇంటిమీద బెంగతో నున్నారను సంగతి ఆయనకు తోచలేదు. మన యింట పనిచేయు ఆడుబిడ్డ పండుగనాడు తన పిల్లలయొద్ద నున్నదా, లేక మన పిల్లలకు వడ్డించుచున్నదా? సంఘపు బండి నడుపువాడు ఆదివారమున తన భార్యాబిడ్డలతో ఆరాధనలో కూర్చుండి ఎన్ని నెలలైనది? వసతిగృహపు చిన్నబిడ్డ రాత్రివేళ ఏడ్చుచున్నప్పుడు, నియమము నియమమే యని మనము చెప్పలేదా? వారి దీపములు ఆరువరకు మనము గమనింపక కూర్చుండవలసిన పనిలేదు. నికోలాసు వినెను, విని మరునాడే బయలుదేరెను. వినుటయు ఒక కృపావరమే.

పిమ్మట నడిమి స్థానమున నున్నవారమును మనలను మనము పరీక్షించుకొందము. ఎవని పేరు చెప్పుటకు మనకు అవకాశమున్నది? ఎవని కొరకు మాటలాడిన మనకు నష్టము కలుగునేమోయని వెనుదీయుచున్నాము? ఈ సంవత్సరము ముగియకమునుపు అట్టి ఒక్కని కొరకైనను, కోపము లేకయు, సత్యము దాచకయు, చివరివరకు నిలిచి మాటలాడుదము.

ప్రార్థన: మా పక్షమున నిరంతరము విజ్ఞాపన చేయుచున్న ప్రభువా, నీవు మాకు ఇచ్చిన క్షేమమును మేము మూటగట్టి దాచుకొనకుండ చేయుము. మా చేతిక్రింద నున్నవారి మౌనమును వినగల చెవిని, మా పైవారి యెదుట వారి పేరు పలుకగల నోటిని మాకు దయచేయుము. మా పని ప్రతిదినము నీ నామమున మొదలై నీ స్తోత్రముతో ముగియునట్లు చేయుము. మా దీపము ఆరు దినమున, ముందుగా వెళ్లినవారితో కూడ మమ్మును నీ యింటికి చేర్చుము. ఆమేన్.